చలిజ్వరము తీసిన పన్ను

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో కావ్యప్రశంసయో, పురాణప్రసంగమో యుండుట పరిపాటి. దోమను గూర్చి ఉపన్యాసమేమి యని కొందఱు నవ్వవచ్చును. నవ్వుచున్నవారిలోనే పలువురు ఉత్తరీయముతో దానిని తోలుకొనుచున్నారు గనుక విషయము సభకు బొత్తిగా క్రొత్తది గాదు. రాజులు తీసికొన్న పన్నులకు లెక్కలున్నవి. శిస్తు చెల్లించినవానికి రసీదు దొరకెడిది. పంట పోయిన యేట వజా దొరకెడిది. ఈ పురుగు తీసికొన్న పన్నునకు రసీదు లేదు, వజా లేదు. అది మొత్తము ఎంత యని కూడి చూచినవారును అరుదు. ఆ కూడిక యెట్లు చేయవలెనో, చేసినవారికి ఏమి తేలినదో చెప్పుట యీ ప్రసంగమునకు ఉద్దేశము.

వ్యాధి ప్రాచీనమైనది. మలేరియా యను పేరు ఇటలీవారిది. చెడుగాలి యని దాని యర్థము. మన పల్లెలలో దీనిని చలిజ్వరమనియు, కొండప్రాంతముల ప్రక్కన మన్యపు జ్వరమనియు పిలిచెడివారు. చిరకాలము జ్వరపడిన బిడ్డలకు కడుపులో ప్లీహము పెరిగి గట్టిపడుటను ‘బల్ల’ యనెడివారు. ఆయుర్వేద గ్రంథములలో విషమజ్వరమను శీర్షిక క్రింద సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చాతుర్థికము అని అయిదు భేదములు చెప్పబడినవి. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థికము. సూక్ష్మదర్శని లేని కాలమున, కేవలము రోగి ప్రక్కన కూర్చుండి దినములు లెక్కపెట్టి చేసిన యీ విభాగము నేటి వైద్యశాస్త్రమునకు చాలవఱకు సరిపోవుట ఆశ్చర్యము. సుశ్రుతము కల్పస్థానములో మశకములు అయిదు విధములని చెప్పి, వానిలో పార్వతీయమను కొండదోమ కాటు ప్రాణాంతకమని హెచ్చరించినది. ఇది చూపి, దోమవలన జ్వరము వచ్చునని మన పూర్వులు ఏనాడో కనిపెట్టిరని చెప్పువారు కలరు. అంత చెప్పుట న్యాయము గాదు. ఆ గ్రంథములో జ్వరము ఒకచోట, దోమ మఱియొకచోట నున్నవి. రెంటిని కలిపిన సూత్రము అందులో లేదు.

ఆ సూత్రము దొరకినది తెలుగు మాటాడు నగరమునకు ప్రక్కనే. 1880లో అల్జీరియాలో పనిచేయుచుండిన లావరన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తములో జ్వరకారకమైన సూక్ష్మజీవిని చూచెను. అది ఒకని రక్తమునుండి మఱియొకని రక్తమునకు ఏ దారిని పోవుచున్నదో తెలియలేదు. అల్మోరాలో జన్మించిన రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు సికిందరాబాదున, బేగంపేటలో, 1897 ఆగష్టు 20వ తేదీన ఒక దోమ కడుపును చీల్చి చూచి, దాని గోడలో ఆ జీవియొక్క గుళికలను కనుగొనెను. ఆ దోమ హుసేన్‌ఖాన్ అను రోగిని కుట్టినది. కుట్టించుకొన్నందులకు దోమ యొక్కంటికి ఒక అణా చొప్పున రాస్ అతనికి ముట్టజెప్పెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. హుసేన్‌ఖానునకు వచ్చినవి అణాలు. చలిజ్వరమును గూర్చిన వ్యయపట్టికలో ఇంతకంటె చౌకగా కొన్న సరకు వేఱొకటి లేదు.

దోమలన్నియు ఈ వ్యాధిని మోయవు. అనాఫిలిస్ జాతి దోమలకే యీ శక్తి కలదు; వానిలోను ఆడదియే. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తము కావలెను. రోగి రక్తముతో లోపలికి పోయిన సూక్ష్మజీవి దోమ దేహములో పెరిగి లాలాజలమునకు చేరుటకు సుమారు పది పండ్రెండు దినములు పట్టును. అటుపిమ్మట అది కుట్టిన ప్రతివానికి వ్యాధిని పంచిపెట్టును. బోదకాలు తెచ్చు దోమ వేఱు. అది మురుగునీటిలో పెరుగును. అనాఫిలిస్ దోమలు చాలవఱకు తేటనీటిని కోరును. వానలు పడి గుంటలు నిండినపుడు, కాలువలకు నీరు వదలినపుడు, వాగులు పాఱి నిలిచినపుడు అవి పెరుగును.

ఆర్థికవిషయమంతయు ఈ యొక్క మాటలో నున్నది. దోమకు పంచాంగమేదో రైతుకును అదియే పంచాంగము. ఊడ్పులకు, కలుపులకు నీరు నిలిచిన మడి కావలెను. దోమ పిల్లలకును అట్టి నీరే కావలెను. శ్రావణ భాద్రపదములలో దోమ పెరుగును. ఆశ్వయుజ కార్తికములలో జ్వరము ఊరంతయు పాకును. అప్పుడే కోతలు దగ్గరపడును. పనిలేని వేసవిలో వచ్చి మంచమెక్కించు వ్యాధి యొక విధము. పని మీదపడిన నెలలలో, ఒకే ఊర, ఒకే వారమున, సగము ఇండ్లలో పడకవేయు వ్యాధి మఱియొక విధము. రెంటికిని జ్వరపు దినములు సమానముగా నుండవచ్చును. నష్టము సమానము గాదు.

దృష్టాంతమునకు ఒక సంసారమును ఊహించుకొన్న చాలును. మూడెకరముల మాగాణి, ఒక జత యెడ్లు, భార్యాభర్తలు, ముగ్గురు బిడ్డలు. రూపాయి విలువ కాలమునుబట్టి మాఱును గనుక లెక్క దినములలో వేయుట మేలు. ఊడ్పుల వేళ యజమానికి జ్వరము తగిలినది. చలి, వేడి, చెమట యను మూడు ఘట్టములతో దినము విడిచి దినము వచ్చుచుండ, నడుమనున్న మంచి దినమున పొలమునకు పోదునని లేచును, పోలేడు. ఎనిమిది దినములు పోయినవి. అతనికి గంజికాచి ఇచ్చు భార్యకు ఎనిమిది దినముల కూలి పోయినది. ఇది రెండవ పద్దు. వైద్యుల లెక్కలలో ఇది కానరాదు, ఏలయన ఆమెకు జ్వరము లేదు. తరువాత బిడ్డలలో ఒకరికి వచ్చినది. మందునకు, బండికట్టి పట్నము పోవుటకు చేతిసొమ్ము ఖర్చయినది. నారు ముదిరిపోవుచున్నది. కూలివాండ్రను పెట్టుకొందమనిన వారిండ్లలోను జ్వరమే; దొరకినవారు ఎక్కువ కూలి యడుగుదురు, అడుగుటయు న్యాయమే. ఊడ్పు ఇరువది దినములు వెనుకపడినది. ముదురు నారు వేసిన మడిలో దుబ్బు కట్టదు, పంట తగ్గినది. ఇది అన్నింటికంటె పెద్ద పద్దు. జ్వరము తగ్గిన రెండు నెలలకు గాని యిది కంటబడదు. కంటబడినప్పుడు దానిని జ్వరము క్రింద ఎవరును వ్రాయరు. వాన క్రింద వ్రాయుదురు, తెగులు క్రింద వ్రాయుదురు, గ్రహచారము క్రింద వ్రాయుదురు.

ఇంకను కలదు. పంట తగ్గినందున అప్పు. అప్పు తీరకపోయిన యెద్దు. ఎద్దు పోయినపిమ్మట దుక్కి ఇతరుల దయ. మూడవ యేట భూమి తాకట్టు. అడంగలులో రైతు పేరు ఉండును; అనుభవము మఱియొకరిది. జ్వరము ఎనిమిది దినములది. దాని లెక్క మూడేండ్లు సాగినది. జ్వరము రాని యింటికి సయితము దీని ఖర్చు తప్పదు. ఏటేట జ్వరము వచ్చు ఊరిలో, వేళకు మనుష్యులు దొరకుదురను నమ్మకము లేక, ఎక్కువ సాగు కోరు లాభసాటి పంటను మాని, చూడకపోయినను కొంత పండు పంటను రైతు వేయును. అక్కడ జ్వరము లేదు, మందు లేదు, మరణము లేదు. ఆదాయము మాత్రము తగ్గినది. కనబడని యీ పద్దును పట్టుకొనుట లెక్కలు వ్రాయువారికి పరీక్ష వంటిది.

ఇక దేశపు లెక్క. 1947లో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరమున, ఏడాదికి 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా తగులుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. అనగా ప్రతి అయిదుగురిలో ఒకరికి మించి. ఇది అంచనాయే గాని గణన గాదు. ఆ దినములలో జనన మరణ రిజిష్టరులలో వ్రాయించువారు చెప్పినది వ్రాసికొనుటయే గాని వైద్యుడు చూచి నిర్ణయించుట లేదు. కలరా, మశూచికము తెలియవచ్చును గనుక వేఱుగా వ్రాసి, తక్కిన వానిలో హెచ్చుభాగమును ‘జ్వరము’ అను గడిలో వేసెడివారు. ఆ గడి యెప్పుడును నిండుగానే యుండెడిది. ఒక్కొక్క రోగికి పదేసి దినములు పోయినవనుకొనిన, ఏడాదికి 75 కోట్ల దినములు దేశము మంచముమీద గడపినట్లు. అందు బిడ్డల దినములు, వృద్ధుల దినములు తీసివేసినను, మిగిలినది చిన్న మొత్తము గాదు. ఆ యేండ్లలోనే దేశము ధాన్యమునకు విదేశముల తలుపులు తట్టినది.

అంతకు ముందు 1908లో పంజాబున ఒక ఉత్పాతము జరిగినది. ఆ యేడు వానలు మిక్కిలిగా కురిసినవి. శరదృతువున చలిజ్వరము లేచి, 3 లక్షలకు మించి ప్రాణములు తీసినది. మొదట ఆ సంగతి బయటపడినది ఆసుపత్రులలో గాదు, లాహోరు రైల్వేలో. పనివారు పడకవేసినందున బండ్లు నడచు క్రమము హఠాత్తుగా తప్పినది. అమృతసరస్సు నగరమున ఇంచుమించు జనమంతయు జ్వరపడి, వ్యాపారము నిలిచిపోయినది. దీనిని విచారించిన క్రిస్టోఫర్స్ అను వైద్యుడు 1911లో నివేదిక ప్రకటించెను. ఆయన వైద్యుడే గాని ధాన్యపు ధరల పట్టికలు గూడ ముందు వేసికొని కూర్చుండెను. వాన యొక్కటియే మరణములను నిర్ణయింపదు. ఆ వానకు ముందు ధాన్యపు ధర హెచ్చి జనము అర్ధాకలితో నున్నదా యనునది గూడ చూడవలెనని ఆయన తేల్చెను. జ్వరము దారిద్ర్యమును తెచ్చుననుట అందఱు ఎఱిగినదే. దారిద్ర్యము జ్వరమును మారకముగా చేయుననుట ఆ ధరల పట్టికలు చెప్పినవి. రెండును ఒండొంటికి అప్పు పెట్టుకొనుచు, వడ్డీ మాత్రము పేదవానివద్ద వసూలు చేసినవి.

1930లలో మలేరియా సర్వే ఆఫ్ ఇండియాకు అధిపతిగా నుండిన సింటన్, మొదటి ప్రపంచయుద్ధములో విక్టోరియా క్రాసు పొందిన సైనికవైద్యుడు. భారతదేశమునకు మలేరియా ఎంత ఖర్చు పెట్టించుచున్నది యను ప్రశ్నయే శీర్షికగా 1935-36 సంవత్సరములలో ఆయన విపులముగా వ్రాసెను. జాతిపరముగా, సంఘపరముగా, ఆర్థికముగా మూడు దృష్టులతో ఆ లెక్క నడచినది. చావుల సంఖ్యతోనే వ్యాధిని కొలుచుట తప్పనియు, చావక బ్రదికి సగము బలముతో పనిచేయువాని నష్టము మిన్నయనియు గ్రహించిన మొదటివారిలో ఆయన యొకరు. శత్రువును ఎదిరించి పతకము తెచ్చుకొన్నవారు పలువురు. జమాఖర్చు వ్రాసి శత్రువును చూపినవారు కొందఱే.

సాగుకాని భూమి మఱియొక పద్దు. హిమాలయ పాదమున నైనితాలు తరాయి యను సారవంతమైన నేల యున్నది. నీరు సమృద్ధి; మట్టి నల్లనిది. అయినను చలిజ్వరమునకు భయపడి బయటివారు అక్కడ రాత్రి నిలుచుటకు జంకెడివారు. తరతరములుగా అందే నివసించు థారు జాతివారికి మాత్రము పుట్టుకతోనే కొంత తట్టుకొను శక్తి యుండెను. 1947 తరువాత అక్కడ అడవిని కొట్టి, దోమను అణచి, పశ్చిమ పంజాబునుండి సర్వము పోగొట్టుకొని వచ్చిన కాందిశీకులకును, మాజీ సైనికులకును భూములిచ్చిరి. 1960లో అక్కడనే పంతనగరమున దేశములో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినది. నిన్నటి యముని వాకిలి నేటి విత్తనాల గాదె. భూమి అదే, నీరు అదే; నడుమనుండి తొలగినది దోమ.

తెలుగునాట అట్టి నేల తూర్పు కనుమల మన్యము. విశాఖపట్టణపు ఏజెన్సీ, గోదావరి ఏజెన్సీ, జయపురపు కొండలు చలిజ్వరమునకు పేరుబడినవి. మన్యమునకు బదిలీ యనిన మైదానపు ఉద్యోగి దిగాలుపడెడివాడు. ఉద్యోగి నిలువనిచోట బడి నిలువదు, వైద్యశాల నిలువదు, రోడ్డు పని సాగదు. సంతకు వచ్చు వర్తకుడొక్కడే వచ్చి, తన కష్టమునకు వెల కలుపుకొని, చింతపండును చౌకగా కొని ఉప్పును ప్రియముగా అమ్మిపోవును. కొండవాడు మూఢుడు గనుక వెనుకబడెనని తేలికగా తీర్పు చెప్పువారు ఈ పద్దును చూడరు. విజయనగరమునుండి రాయపూరునకు కొండలమీదుగా రైలుమార్గము వేసిన బెంగాల్ నాగపూర్ రైల్వేవారు, దోమలను పరిశీలించుటకే ప్రత్యేకముగా సీనియర్ వైట్ అను శాస్త్రజ్ఞుని నియమించుకొనిరి. కంపెనీ ధర్మసత్రము గాదు. జ్వరమున కయ్యెడి ఖర్చుకంటె శాస్త్రజ్ఞుని జీతము తక్కువయని తెలిసియే పెట్టుకొనినది.

మనుష్యుడు తానే దోమకు ఇల్లు కట్టియిచ్చిన కథలును కలవు. 1934లో కావేరిపై మెట్టూరు ఆనకట్ట పూర్తియైనది. తంజావూరు జిల్లా పట్టుకోట తాలూకాకు క్రొత్తగా కాలువనీరు వచ్చినది. నీటివెంట మలేరియా వచ్చినది. కాలువ త్రవ్వినవారు నీరు పాఱుటకు దారి చూచిరి గాని నిలిచిన నీరు పోవుటకు దారి చూడలేదు. కాఱిన తూములు, పూడని గోతులు దోమలపాలయినవి. రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన రసెల్ అను అమెరికను వైద్యుడు అక్కడ పెక్కేండ్లు పనిచేసి, మేనన్ అను సహచరునితో కలిసి, పల్లె సంసారములకు మలేరియావలన కలుగు ఖర్చును ఇంటింట విచారించి 1942లో ప్రకటించెను. నీటితీరువ పద్దు జమ వైపున వ్రాసికొన్న సర్కారు, జ్వరపు పద్దును ఖర్చు వైపున వ్రాసికొనలేదు. అది రైతు వ్రాసికొనవలసివచ్చినది.

మందు సంగతి. సింకోనా యను చెట్టు బెరడు దక్షిణ అమెరికాది. 1860ల నుండి నీలగిరులలోను డార్జిలింగు కొండలలోను దానిని నాటిరి. బెంగాలులో 1892 మొదలు తపాలాకచేరీలలో క్వినైను పొట్లము ఒక పైసాకు అమ్మిరి. కార్డు కొనబోయినవాడు మందు కొని తెచ్చుకొనెడివాడు, మెచ్చదగిన ఏర్పాటు. కాని దేశమునకు కావలసినదానిలో ఇక్కడ పండునది స్వల్పము. లోకపు సింకోనాలో నూటికి తొంబది పాళ్లకు మించి జావా ద్వీపములో డచ్చివారి చేతిలో నుండెను. ధర వారు చెప్పినది. 1942లో జపానువారు జావాను పట్టుకొనగానే ఆ మందును మాయమయినది. మఱుసటి యేటనే వంగదేశమున కఱవు. కఱవు వెంట మలేరియా. అన్నము లేనివాడు, మందు లేనివాడు ఒక్కడే యైనప్పుడు ఏమి జరుగునో ఆ యేడు చూపినది.

యుద్ధము ఒక చేత మందును తీసికొని మఱియొక చేత డి.డి.టి.ని ఇచ్చినది. దాని కీటకనాశక శక్తిని 1939లో స్విట్జర్లాండున ముల్లర్ కనుగొనెను. 1948లో నోబెల్ బహుమానము పొందెను. రక్తము త్రాగిన దోమ బరువెక్కి ఇంటి గోడమీదనే వ్రాలి విశ్రమించును. గోడకు ఆ పొడి అంటియున్నచో అదియే దానికి కడపటి విశ్రాంతి. బొంబాయి రాష్ట్రమున ధార్వాడ, ఉత్తర కన్నడ జిల్లాలలో విశ్వనాథన్ అను వైద్యుడు ఈ పద్ధతిని పెద్దయెత్తున నడిపి చూపెను. 1953లో దేశమంతట జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలయినది; 1958లో దానినే నిర్మూలన పథకముగా మార్చిరి. భుజమున పంపు తగిలించుకొని పిచికారీ కొట్టువారు ఊరూర తిరిగిరి. 1965 నాటికి దేశములో నమోదైన రోగులు సుమారు 1 లక్ష. ఏడున్నర కోట్లనుండి లక్షకు! స్వతంత్ర భారతదేశము పెట్టిన ఖర్చులలో ఇంత ఫలమిచ్చినవి కొన్ని మాత్రమే.

పిమ్మట వచ్చిన కథ విచారకరము. వ్యాధి పోయినదనుకొన్నారు. శత్రువు కనబడనపుడు కావలివాని జీతము దండుగగా తోచును. పిచికారీకి డి.డి.టి. వేళకు అందలేదు, నెత్తురు పరీక్షలు ఆలస్యమయినవి, విదేశసహాయము తగ్గినది, దోమయు ఆ మందునకు అలవాటుపడుచుండెను. 1976లో రోగులు 64 లక్షలకు మించిరి. తప్పంతయు ప్రభుత్వముపై త్రోయుట సులభము. పల్లెలకును అందు పాలు కలదు. పిచికారీ వాసన పడదని తలుపు మూసినవారు కలరు. దేవుని గది, వంటయిల్లు వదలుమన్నవారు కలరు. దోమకు ఆ మడి లేదు. మఱి కొందఱు పిచికారీ కొట్టిన పదినాళ్లకే పండుగ వచ్చినదని గోడలకు ఎఱ్ఱమట్టి పూసి, సున్నము కొట్టి, మందును మట్టిక్రింద పూడ్చిరి. గోడ అందగించినది, ఆఱు నెలలు పనిచేయవలసిన మందు పది దినములలో పోయినది.

లంకలో ఇదే కథ ఇంకను స్పష్టముగా జరిగినది. 1934-35లో అక్కడ మలేరియావలన సుమారు 80 వేలమంది పోయిరి. పిచికారీ తరువాత 1963లో ద్వీపమంతటిలో నమోదైన రోగులు 17గురు. ఖర్చు తగ్గించి కావలి సడలించిరి. 1968-69లో రోగులు సుమారు 5 లక్షలు. కాని లంకవారు మరల మొదటినుండి మొదలుపెట్టి, అంతర్యుద్ధము నడుచుచుండగనే పని సాగించి, 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థచేత ధ్రువపత్రము పొందిరి.

నష్టమును గూర్చి అర్థశాస్త్రజ్ఞులు ఇటీవలి కాలమున వేసిన లెక్కలు రెండు చెప్పదగినవి. 1965 మొదలు 1990 వఱకు లోకములోని దేశముల వృద్ధిని పరిశీలించి, మలేరియా మిక్కుటముగా నున్న దేశములు తలసరి ఆదాయములో ఏడాదికి నూటికి 1.3 చొప్పున వెనుకబడినవని గాలప్, శాక్స్ అను ఇరువురు 2001లో ప్రకటించిరి. నూటికి ఒకటింబావుపై కొంచెమేకదా యని తోచును. చక్రవడ్డీ ఎఱిగినవారికి అట్లు తోచదు. ఇరువురు సమానముగా నూరేసి రూపాయలతో బయలుదేరి, ఒకరు ఏటేట నూటికి 1.3 హెచ్చుగా పెరిగినచో, ఇరువదియైదేండ్లకు రెండవవానికి నూరున్నచోట మొదటివానికి 138 ఉండును. ఇరువదియైదేండ్లనగా ఈ గ్రంథాలయపు వయస్సు. ఐతే ఈ లెక్కకు ఒక ఆక్షేపణ కలదు. మలేరియావలన బీదరికమో, బీదరికము వలన మలేరియాను పోగొట్టుకొనలేకపోవుటయో విడదీయుట కష్టము. వేడి దేశములకు ఇతర ఇబ్బందులును కలవు. పూర్తి నేరమును దోమ మీద మోపుట తొందరపాటు.

రెండవ లెక్క మన దేశముదే. 1950ల పిచికారీకి ముందు మలేరియా ఎక్కువగానుండిన జిల్లాలలో పుట్టి, పథకము వచ్చిన తరువాత పెరిగినవారు పెద్దవారై ఎట్లున్నారో పరిశీలించి 2010లో ఒక అధ్యయనము అచ్చయినది. చదువు బాగుగా పెరిగియుండునని ఎవరైనను అనుకొందురు. పురుషులలో అట్టిదేమియు కనబడలేదు. స్త్రీల విషయము ఒక విధముగా తేలలేదు. సంసారమున తలకు ఖర్చుపెట్టుకొను శక్తి మాత్రము కొంత పెరిగినది. ఆశించినంత ఫలము చూపని యీ లెక్కయే ఎక్కువ నమ్మదగినది. జ్వరము పోయిన మాత్రమున బడి రాదు. బడి కట్టినగాని బడి రాదు. ఒంట బలమున్నవాడు పదిదినములు ఎక్కువ పని చేయును, ఆ కూలి ఇంటికి తెచ్చును. అంతవఱకు మందు పని; అటుపైది వేఱు పని.

గ్రంథాలయ సభ గనుక ఒక గ్రంథపు సంగతి చెప్పుట ఉచితము. క్వినైను తరువాత వచ్చిన క్లోరోక్విను మందును సయితము సూక్ష్మజీవి జయించెను. మన దేశమున 1973లో అస్సాములో మొదట ఆ సంగతి బయటపడినది. చీనాలో తూ యూయూ అను విదుషి క్రొత్త మందు వెదకుచు, పూర్వవైద్యుల గ్రంథములను తిరగవేయసాగెను. నాల్గవ శతాబ్దివాడైన గె హుంగ్ అను పండితుడు వ్రాసిన చికిత్సాగ్రంథమున, ఒక మూలికను నీట నానబెట్టి పిండి ఆ రసము త్రాగవలెనని యుండెను. కాచవలెనని లేదు. అందఱును కాచి కషాయము తీయుచుండిరి. ఆ వేడికి మందుగుణము నశించుచుండెను. ఆమె తక్కువ వేడితో రసము తీసి చూచెను. ఆర్టెమిసినిన్ అను మందు అట్లు 1970లలో లభించినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. పదునాఱువందల యేండ్లు ఆ వాక్యము పుస్తకములోనే యున్నది. దానిని భక్తితో చదివినవారు వేలు. పరీక్షించి చూచినది ఆమె. మన సంహితలను తలపై పెట్టుకొనువారును, తలవాకిట పారవేయువారును ఈ యుదాహరణము చూడవలెను.

2015లో భారతదేశమున నమోదైన మలేరియా రోగులు 11 లక్షల 69 వేలు. 2023లో 2 లక్షల 27 వేలు. మందు పూసిన దోమతెరలు, క్షణములలో ఫలము చెప్పు నెత్తురు పరీక్షలు, ఆశా కార్యకర్తల నడక ఇందుకు కారణములు. 2030 నాటికి వ్యాధిని పూర్తిగా తొలగింపవలెనని ప్రభుత్వ సంకల్పము. మైదానపు పల్లెలలో నేడు డెంగ్యూ భయమే యెక్కువ. దాని దోమ పగటివేళ కుట్టును, ఇంటి తొట్టిలోని నీటిలోనే పుట్టును. ఆంధ్రదేశపు మలేరియా చాలవఱకు పాడేరు, రంపచోడవరము, చింతూరు ప్రాంతముల కొండగూడెములలో మిగిలియున్నది. వేలమంది రోగులున్నపుడు రోగి యొక్కనికి అయ్యెడి ఖర్చు తక్కువ. గూడెమునకు ఒక్కడు మిగిలినపుడు వానిని వెదకుటకు వాగులు దాటి పోవలెను. ఖర్చు హెచ్చు, ఫలము కనబడదు. 1965 తరువాత దేశము చెయ్యి వదలినది సరిగా ఇట్టి ఘట్టముననే.

రోగి చేతిలోను కొంత పని కలదు. వైవాక్స్ అను రకపు జ్వరములో సూక్ష్మజీవి కాలేయములో దాగికొనును. మొదటి మాత్రలకు మూడు దినములలో జ్వరము దిగును. దాగినదానిని చంపుటకు ప్రిమాక్విను మాత్ర పదునాలుగు దినములు మ్రింగవలెను. గర్భిణులకును, చంటిబిడ్డలకును అది పనికిరాదు గనుక వైద్యుని అడిగియే వాడవలెను. జ్వరము దిగిన నాలుగవనాడు లేచి నాగలి పట్టినవాడు మిగిలిన మాత్రలను చూరులో దోపును. కొన్ని నెలలకు, తఱచుగా పనుల వేళకే, అతనికి అదే జ్వరము మరల వచ్చును. దోమ కుట్టకుండగనే వచ్చును. వచ్చినవాడు ఊరి దోమలకు మరల పెట్టుబడి యగును.